బొమ్మ లేదు, మాట ఉంది

“సౌండ్ వస్తోంది, బొమ్మ రావట్లేదు.” టీవీ రిపేరు షాపులకు వచ్చే ఫిర్యాదుల్లో ఇది ఎప్పుడూ ముందు వరసలోనే ఉంటుంది. ఇంట్లోవాళ్ల దృష్టిలో ఆ టీవీ పోయినట్టే. మెకానిక్‌కు మాత్రం ఆ ఒక్క మాటతో సగం దారి తెలిసిపోతుంది. గదిలో లైట్లార్పి, సెల్‌ఫోన్ టార్చి వెలిగించి, తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టి చూస్తాడు. నల్లటి తెరలో టార్చి వెలుగు పడిన మేర, వార్తలు చదివే అమ్మాయి ముఖమో, కింద పరుగెత్తే అక్షరాల పట్టీయో మసకమసకగా కదులుతూ కనిపిస్తుంది. అంటే బొమ్మ ఉంది. దాని వెనకాల దీపాలే ఆరిపోయాయి.

ఎల్‌సీడీ తెర తనంతట తాను వెలగదు. ‘ఎల్ఈడీ టీవీ’ అని పెట్టె మీద రాసి అమ్మేవి కూడా చాలావరకు ఎల్‌సీడీ టీవీలే. ఎల్ఈడీలు ఉండేది తెర వెనక దీపాలుగా. ఆ దీపాల వెలుగును ఏ చుక్క దగ్గర ఎంత వదలాలి, ఎంత ఆపాలి అన్నది తేల్చడమే ముందున్న ద్రవ స్ఫటికాల పని. వెలుగు బయటికి వచ్చే దారిలో ధ్రువణ పొర దగ్గర సగం పైగా పోతుంది. మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలు మింగేస్తాయి. అందుకని వెనక దీపాలు చాలా గట్టిగా వెలగాలి. గట్టిగా వెలిగేది వేడెక్కుతుంది, వేడెక్కేది త్వరగా పాడవుతుంది. టార్చి పరీక్షలోనైతే మన వెలుగు ముందునుంచి లోపలికి వెళ్లి, వెనకున్న తెల్లటి పొరకు తగిలి, మళ్లీ అదే దారిన తిరిగి రావాలి. రెండు ప్రయాణాల్లోనూ కోత పడుతుంది కాబట్టి బొమ్మ అంత మసకగా ఉంటుంది.

ఈ దీపాలు పొడవాటి సన్నని పట్టీల మీద వరసగా అతికించి ఉంటాయి. ఒక్కో తెల్ల ఎల్ఈడీకి సుమారు 3 వోల్టులు కావాలి. లోపల రెండు చిప్పులున్న రకమైతే 6. వీటిని పెళ్లిపందిట్లో పాతకాలపు సీరియల్ సెట్ లాగా ఒకదాని వెనక ఒకటి కలుపుతారు. అందులో ఒక బల్బు మాడితే దండంతా ఆరిపోయేది గదా, ఇక్కడా అంతే. పన్నెండు దీపాల్లో ఒకటి తెగితే మిగిలిన పదకొండూ చీకటైపోతాయి. వాటికి కరెంటు పంపే డ్రైవర్ చిప్పు, కరెంటు పారడం లేదని గమనించి వోల్టేజి పెంచి చూస్తుంది. హద్దు దాటాక ప్రమాదమని ఆగిపోతుంది. “ఆన్ చేయగానే ఒక్క క్షణం మెరిసి నల్లగా అయిపోతోంది” అని కస్టమర్ చెప్పే మాట వెనక చాలాసార్లు ఈ కథే ఉంటుంది.

పోయినది ఒక్క దీపమే అయినా తెలిసిన మెకానిక్ పట్టీల సెట్టు మొత్తం మారుస్తాడు. ఇందులో దోపిడీ ఏమీ లేదు. మిగిలినవి కూడా అదే వేడిలో అన్నే గంటలు వెలిగినవి, రేపో మాపో అవీ పోతాయి. పైగా దీపాలను చేరాలంటే ముందు గాజు పానెల్‌ను ఊడదీయాలి. మిల్లీమీటరు మందం కూడా లేని అంత పెద్ద గాజు పలకను వంగకుండా, అంచుకు వేలాడే సున్నితమైన ఫిల్ములు చిరగకుండా ఎత్తి పక్కన పెట్టడం ఇద్దరు మనుషుల పని. ఈ ప్రమాదకరమైన పనిని మూడు నెలలకోసారి చేయాలని ఎవరూ కోరుకోరు. కొందరు ఇంకో అడుగు వేసి, డ్రైవర్ పక్కనున్న చిన్న రెసిస్టర్లలో ఒకదాన్ని తీసేస్తారు. అవి సమాంతరంగా ఉంటాయి గనక ఒకటి తీస్తే మొత్తం నిరోధం పెరుగుతుంది, దీపాలకు వెళ్లే కరెంటు తగ్గుతుంది. వెలుగు కాస్త తగ్గినా దీపాల ఆయుష్షు బాగా పెరుగుతుంది. టంకం పని లేకుండా ఇంట్లోనే చేయగల పని ఒకటుంది: సెట్టింగుల్లో ‘బ్యాక్‌లైట్’ను నూటి నుంచి అరవైకో డెబ్భైకో దించుకోవడం. షోరూములో కళ్లు చెదరాలని పెట్టిన వెలుగు పడకగదిలో ఎవరికీ అవసరం లేదు.

ఇదే కుటుంబంలో ఇంకో జబ్బు ఉంది. తెర మీద అక్కడక్కడ గుండ్రటి తెల్లమచ్చలు వస్తాయి. దీపాల మీద వెలుగును పరిచే చిన్న ప్లాస్టిక్ లెన్సులు ఉంటాయి. వేడికి జిగురు వదిలేసి ఆ లెన్సు ఊడి పడితే, దాని కిందున్న దీపం నేరుగా తెరను పొడుస్తుంది. చూస్తే తెరే పాడైందేమో అనిపిస్తుంది గాని, ఊడిన లెన్సును తిరిగి అతికిస్తే పోయే రోగం అది.

ఏది బతికుంది?

రిపేరంటే పోయిన భాగాన్ని వెతకడం అనుకుంటాం. చేయి తిరిగిన మెకానిక్ ముందు బతికున్నవాటి లెక్క చూస్తాడు. సౌండ్ వస్తోందంటే కరెంటు లోపలికి చేరుతోంది. పవర్ బోర్డులో కనీసం కొంత భాగం పనిచేస్తోంది. సెట్‌టాప్ బాక్సు పంపిన సంకేతాన్ని మెయిన్ బోర్డు విప్పుకోగలుగుతోంది. యాంప్లిఫయరూ స్పీకర్లూ బాగున్నాయి. ఒక్క లక్షణంతో ముప్పాతిక సెట్టు అనుమానితుల జాబితా నుంచి బయటపడుతుంది. “ఎర్ర లైటు వెలుగుతోందా అమ్మా?” అని ఫోనులోనే అడగడం అందుకే. వెలుగుతోంటే స్టాండ్‌బై సరఫరా ఉన్నట్టు. వెలగకపోతే ముందు ప్లగ్గు, స్విచ్చు, ఆ తర్వాత పవర్ బోర్డు చూడాలి. ఎర్ర లైటు లెక్కపెట్టినట్టు నాలుగుసార్లో ఆరుసార్లో మిణుకుమని, కాసేపు ఆగి, మళ్లీ మిణుకుమంటోంటే ఇంకా మంచిది. చాలా కంపెనీల సెట్లలో ఆ లెక్కే లోపం ఎక్కడుందో చెప్పే సంకేతం. సర్వీసు మాన్యువల్లో దాని పట్టిక ఉంటుంది.

ఈ ఆలోచనకు నాకు తెలిసిన అతి అందమైన ఉదాహరణ పిక్చర్‌ట్యూబు కాలం నాటిది. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. 1982 ఆసియా క్రీడలతో దేశానికి రంగుల టీవీ వచ్చింది. అప్పటి నుంచి పాతికేళ్లకు పైగా మన ఇళ్లలో రాజ్యమేలింది ఆ బరువైన గాజు గొట్టమే. ఒక రాత్రి సినిమా మధ్యలో తెరంతా నల్లబడి, సరిగ్గా నడిమధ్యన అడ్డంగా ఒకే ఒక్క తెల్లటి గీత మిగిలేది. చూసినవాళ్లకు గుండె ఆగినంత పనయ్యేది. మెకానిక్ దాన్ని ఇలా చదివేవాడు: ట్యూబులో ఎలక్ట్రాన్ పుంజం బొమ్మను అడ్డగీతలుగా గీస్తుంది. మన పద్ధతిలో ఒక్కో చిత్రానికి 625 గీతలు, సెకనుకు 25 చిత్రాలు. అంటే పుంజం సెకనుకు 15,625 సార్లు ఎడమ నుంచి కుడికి పరుగెత్తాలి. చెవులు చురుకైన పిల్లలకు టీవీ నుంచి సన్నగా ‘కీ’మని వినపడేది ఆ పరుగే. పుంజాన్ని లాగే పాతిక వేల వోల్టుల వరకూ ఉండే ఈహెచ్‌టీ కూడా ఆ అడ్డపరుగు సర్క్యూట్ నుంచే పుడుతుంది. గీత కనిపిస్తోందంటే పుంజం ఉంది, ఈహెచ్‌టీ ఉంది, అడ్డపరుగు ఉంది, పవర్ సప్లై ఉంది. లేనిదల్లా గీతలను పైనుంచి కిందికి పరిచే నిలువు కదలిక ఒక్కటే. ఆ పని చేసేది వర్టికల్ ఐసీ. వెనక డబ్బా విప్పకముందే రోగమేదో తెలిసిపోయేది. గీత ఎక్కువసేపు అలాగే ఉంటే తెర పూత మాడి శాశ్వతంగా మచ్చ పడుతుంది కాబట్టి ముందు బ్రైట్‌నెస్ తగ్గించేవాడు.

చాలాసార్లు ఆ ఐసీ కూడా బాగానే ఉండేది. దాని కాళ్ల చుట్టూ ఉన్న టంకమే పగిలేది. ఐసీ వేడెక్కుతుంది, చల్లారుతుంది. ఏళ్ల తరబడి రోజూ అలా సాగి ముడుచుకున్న టంకంలో కాలి చుట్టూ కంటికి ఆనీ ఆనని ఉంగరం లాంటి పగులు వస్తుంది. దాన్నే డ్రై సోల్డర్ అంటారు. టీవీ నెత్తిన ఒక్కటి వేస్తే బొమ్మ తిరిగొచ్చేది, గుర్తుందా? ఆ దెబ్బకు పగులు అంచులు తాత్కాలికంగా తాకేవి. నాన్నలు చేసినది అరకొర వైద్యమే అయినా రోగనిర్ధారణ మాత్రం నూటికి నూరుపాళ్లు సరైనదే. మెకానిక్ కూడా స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో బోర్డు మీద అక్కడక్కడ తట్టి, ఎక్కడ తడితే బొమ్మ ఊగుతుందో చూసేవాడు.

హైదరాబాద్ కేంద్రం మొదలవడానికి ముందే, 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు, ‘సైట్’ అనే ఉపగ్రహ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ చేరింది. ఆ సెట్లు తయారైంది హైదరాబాద్ ఈసీఐఎల్‌లో. ఊరంతా ఒకే పెట్టె ముందు కూర్చునే రోజుల్లో ఆ పెట్టె ఆగిపోతే ఊరికే బొమ్మ ఆగినట్టు. టీవీ మన పల్లెకు వచ్చిన మొదటి రోజునే దాని వెంట రిపేరు మనిషి అవసరమూ వచ్చింది.

ఉబ్బిన డబ్బాలు

ఎర్ర లైటు కూడా వెలగని సెట్టును షాపుల్లో ‘డెడ్’ అంటారు. పేరు భయపెడుతుంది గాని, ఇది తరచూ తక్కువ ఖర్చుతో లేచి కూర్చునే రోగి. అనుమానం పవర్ బోర్డు మీదికి, అంటే ఎస్ఎంపీఎస్ మీదికి పోతుంది. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీని ఇది ముందు డీసీగా మారుస్తుంది. ఏసీ అలల శిఖరం 230కి 1.414 రెట్లు గనక లోపల పెద్ద కెపాసిటర్ మీద సుమారు 325 వోల్టులు నిలుస్తాయి. దాన్ని ఒక ట్రాన్సిస్టర్ సెకనుకు అరవై, డెబ్భై వేలసార్లు కోసి చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు అందిస్తుంది. అవతలి వైపు 5, 12, 24 వోల్టులుగా బయటికి వస్తుంది. పాత స్టీరియోల్లో కిలోల బరువుండే ట్రాన్స్‌ఫార్మర్ ఇప్పుడు అగ్గిపెట్టె అంతకు తగ్గిపోవడానికి ఈ వేగమే కారణం.

ఆ 325 వోల్టులను నిలబెట్టుకున్న కెపాసిటర్ ప్లగ్గు పీకిన తర్వాత కూడా కాసేపు అలాగే ఉండొచ్చు. 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌లో అప్పుడు అయిదు జౌళ్ల శక్తి ఉంటుంది. వేలిని కాల్చడానికీ, ఉలిక్కిపడి చేతిలోని పానెల్‌ను కింద పడేయడానికీ అది చాలు. గుండెకు అడ్డంగా పారితే ప్రాణం మీదికే రావచ్చు. తీగలు విప్పే సరదా ఉన్నవాళ్లు ఇంకేం మరిచిపోయినా ఇది మరవకూడదు. మీటరుతో ఆ రెండు కాళ్ల మధ్య వోల్టేజి సున్నాకు దిగిందని చూశాకే చేయి పెట్టాలి.

పవర్ బోర్డులో ఎక్కువగా పోయేది ఈ కెపాసిటర్ల జాతే. సన్నని అల్యూమినియం రేకులు, మధ్యలో ద్రవంతో తడిపిన కాగితం, అన్నీ చుట్టి డబ్బాలో పెట్టినది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. ఆ ద్రవం ఏళ్ల తరబడి వేడికి ఆవిరై రబ్బరు మూత గుండా బయటికి పోతుంది, లేదా లోపల వాయువుగా మారి డబ్బాను ఉబ్బిస్తుంది. పైన రేకు మీద గాటు పెట్టి ఉంచేది ఒత్తిడి పెరిగితే అక్కడ చీలాలని. బల్లపరుపుగా ఉండాల్సిన మూత గుమ్మటంలా లేచి ఉంటే మీటరు అక్కర్లేదు, చూపు చాలు. 2000 తర్వాతి కొన్నేళ్లలో తయారైన కంప్యూటర్లు, మానిటర్లు, టీవీల్లో ఇవి కుప్పలుతెప్పలుగా ఉబ్బిపోయాయి. ద్రవం కూర్పులో లోపం వల్ల అందులోని నీరు అల్యూమినియంతో కలిసి హైడ్రోజన్ విడుదల చేసింది. ఆ తరం మెకానిక్కులు దాన్ని ఒక అంటువ్యాధిలాగే గుర్తుపెట్టుకున్నారు.

ఉబ్బకుండానే చచ్చే కెపాసిటర్లు ఇంకా మోసగాళ్లు. మామూలు మీటరు పెడితే విలువ సరిగ్గానే చూపిస్తాయి. కాని లోపలి నిరోధం, ఈఎస్ఆర్ అంటారు దాన్ని, ఓములో వందో వంతు ఉండాల్సింది ఓములకు పెరిగి ఉంటుంది. వేగంగా కోసిన కరెంటును అది నునుపు చేయలేదు. ద్రవం చల్లగా ఉన్నప్పుడు ఈ నిరోధం మరీ ఎక్కువ, వేడెక్కితే తగ్గుతుంది. అందుకే “పొద్దున్నే ఆన్ అవ్వడానికి పది నిమిషాలు తిప్పలు పెడుతుంది, ఒకసారి వస్తే ఇక రాత్రి దాకా బాగానే ఉంటుంది” అనే ఫిర్యాదు చలికాలంలో పెరుగుతుంది. ఆ మాట వినగానే మెకానిక్ చేయి కెపాసిటర్ల డబ్బా వైపు పోతుంది.

వీటి ఆయుష్షుకు ఒక లెక్క ఉంది. వేడి పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. డబ్బా మీద 105 డిగ్రీలు అని రాసి, 2,000 గంటల హామీ ఉన్న రకాన్ని తీసుకుందాం. అది 85 డిగ్రీల దగ్గర 8,000 గంటలు, 65 దగ్గర 32,000 గంటలు నడుస్తుంది. రోజుకు ఆరు గంటలు చూసే ఇంట్లో మొదటిది నాలుగేళ్లు కూడా రాదు, రెండోది పద్నాలుగేళ్లు దాటుతుంది. తేడా ఇరవై డిగ్రీలే. గోడలో అందంగా గూడు చేయించి, టీవీని నాలుగు వైపులా గాలి ఆడకుండా బిగించే ఇంటీరియర్ డిజైనర్లకు ఈ లెక్క ఎవరైనా చూపించాలి.

వేడి నెమ్మదిగా చంపుతుంది. ఒక్క దెబ్బకు చంపేది న్యూట్రల్. గాలివానకు స్తంభం దగ్గరో, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో న్యూట్రల్ తీగ తెగితే, మూడు ఫేజుల మీద విడివిడిగా ఉన్న ఇళ్లు ఒకదానితో ఒకటి శ్రేణిలో కలిసిపోతాయి. ఫేజుకూ ఫేజుకూ మధ్య 400 వోల్టులుంటాయి. ఎక్కువ లోడు ఉన్న వైపు వోల్టేజి పడిపోతుంది, తక్కువ లోడు ఉన్న వైపు 400 దాకా ఎగబాకుతుంది. ఒకే ఒక్క టీవీ నడుస్తున్న ఇల్లు ఆ తక్కువ లోడు వైపు ఉంటే, 325 కోసం చేసిన పెద్ద కెపాసిటర్ మీద 560 వోల్టులు పడతాయి. దాని తాహతు 400 లేదా 450. ‘ఢాం’ అంటుంది. సరఫరా ముఖద్వారంలో వేరిస్టర్ అనే బిళ్ల ఉంటే అది ముందే షార్టై ఫ్యూజును కాల్చి, తాను బలై మిగిలిన సెట్టును కాపాడుతుంది. ఒకే వీధి నుంచి ఒకే సాయంత్రం అరడజను టీవీలు షాపుకు చేరితే మెకానిక్ ఇక కారణం అడగడు. స్టెబిలైజర్ గురించి నా అభిప్రాయం: మామూలు హెచ్చుతగ్గులకు ఇప్పటి టీవీకి దాని అవసరమే లేదు. 100 నుంచి 240 వోల్టుల దాకా ఎస్ఎంపీఎస్ తానే సర్దుకుంటుంది. కావలసింది వోల్టేజి హద్దు మీరితే సరఫరా తెంచేసే పరికరం. కొనేటప్పుడు ‘హై కట్’ ఉందా అని అడగాలి.

మాడిన బోర్డు బాగుచేశాక నేరుగా కరెంటు పెట్టరు. ఏదో ఒక భాగం ఇంకా షార్టులో ఉంటే కొత్తగా వేసినవన్నీ మళ్లీ కాలిపోతాయి. అందుకే ప్రతి షాపులో ఒక చెక్క మీద బల్బు హోల్డరు, ప్లగ్గు పాయింటు కలిపి బిగించిన సీరీస్ బోర్డు ఉంటుంది. సెట్టుకు వెళ్లే దారిలో 100 వాట్ల ఫిలమెంటు బల్బు అడ్డుంటుంది. బల్బు ఒక్కసారి తళుక్కుమని ఆరిపోతే సెట్టు బాగున్నట్టు. పెద్ద కెపాసిటర్ నిండే ఆ క్షణం మాత్రమే కరెంటు గట్టిగా పారింది. బల్బు పూర్తి వెలుగుతో నిలిచిపోతే లోపల ఇంకా షార్టుంది, అయినా ఏదీ కాలదు. చల్లగా ఉన్నప్పుడు ఆ ఫిలమెంటు నిరోధం నలభై ఓములకు అటూఇటూ, తెల్లగా వెలిగినప్పుడు 529. కరెంటు పెరిగేకొద్దీ తానే అడ్డం పెరిగే గుణం దానిది. ఎల్ఈడీ బల్బుతో ఈ పని కాదు. ఇళ్లలోంచి ఫిలమెంటు బల్బులు మాయమైపోయినా మెకానిక్కులు ఇంకా వాటిని వెతికి కొని దాచుకోవడం ఇందుకే.

చెవితో పట్టుకునే జబ్బులు

హోమ్ థియేటర్‌లో ‘గుయ్’మనే రొద వస్తోంది. పాట ఆగినా రొద ఆగదు. ముందు వాల్యూమ్ పూర్తిగా తగ్గించి చూడాలి. రొద కూడా తగ్గిందంటే అది వాల్యూమ్ నాబ్ కన్నా ముందునుంచే, అంటే కేబులు నుంచో బయటి పెట్టె నుంచో వస్తోంది. ఏమాత్రం తగ్గలేదంటే నాబ్ తర్వాత, సాధారణంగా పవర్ సప్లైలో పుడుతోంది. ఒక్క నాబ్ తిప్పడంతో యంత్రం రెండు సగాలయింది, ఒక సగం నిర్దోషి అని తేలింది.

ఇంకా శ్రద్ధగా వింటే రొద శ్రుతి కూడా చెబుతుంది. కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. కేబులు కవచం తెగినా, టీవీ, యాంప్లిఫయర్, కంప్యూటర్ వేర్వేరు ప్లగ్గుల దగ్గర ఎర్తై వాటి మధ్య చక్రంలా కరెంటు తిరిగినా వినపడేది ప్రధానంగా ఆ 50 హెర్ట్జ్ మంద్రం. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్లిఫయర్‌లో కరెంటును డీసీగా మార్చేటప్పుడు అలలోని కింది సగాన్ని కూడా పైకి తిప్పుతారు, అప్పుడు ఊగడం 100 సార్లవుతుంది. ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోతే వచ్చే రొద అదే, సరిగ్గా ఒక స్థాయి పైన. మంద్ర షడ్జమానికీ మధ్య షడ్జమానికీ తేడా తెలిసినవాళ్లు మీటరు లేకుండానే ఈ రెండింటినీ వేరు చేయగలరు. సంగీతం నేర్చుకున్నందుకు ఇలాంటి ఉపయోగం కూడా ఉంది.

పాత రేడియో మెకానిక్కుల చిట్కా ఒకటి ఇప్పటికీ చెల్లుతుంది. యాంప్లిఫయర్‌కు ఇచ్చే ఆర్‌సీఏ తీగ మధ్య పిన్నును వేలితో తాకితే స్పీకర్‌లో ‘బుర్ర్’మనాలి. మన ఒళ్లు చుట్టూ ఉన్న కరెంటు తీగల క్షేత్రాన్ని పట్టుకునే ఏంటెనా గనక వేలే సంకేతమవుతుంది. బుర్ర్‌మంటే అక్కడి నుంచి స్పీకర్ దాకా దారంతా సవ్యంగా ఉంది. బయట సాకెట్ల దగ్గర తప్ప పెట్టె లోపల ఇది చేయకూడదు. ముఖ్యంగా పాత వాల్వ్ రేడియోల్లో, పిక్చర్‌ట్యూబు టీవీల్లో లోపలి చట్రమే నేరుగా మెయిన్స్‌కు కలిసి ఉండొచ్చు. స్పీకర్ ఒక్కదాన్నే పరీక్షించాలంటే గడియారం సెల్లు చాలు. రెండు కొసలకూ తాకిస్తే ‘టప్’ అనాలి. అనకపోతే లోపల కాయిల్ తెగింది. ఎడమ స్పీకర్ పలకడం లేదంటే కుడిదాన్ని అక్కడికి మార్చి చూడటం కన్నా తేలికైన పరీక్ష లేదు. ఆన్ చేసిన రెండు మూడు సెకన్లకు యాంప్లిఫయర్‌లో ‘టిక్’మని రిలే శబ్దం వస్తుంది. అది రాకపోతే అవుట్‌పుట్‌లో డీసీ చేరిందని, స్పీకర్లను కాపాడటానికి రక్షణ వలయం తలుపు తీయలేదని అనుమానించాలి.

రిమోట్ సంగతి రెండు ముక్కల్లో ముగించవచ్చు. సెల్‌ఫోన్ ముందు కెమెరాలో చూస్తూ బటన్ నొక్కితే ఊదారంగు వెలుగు మిణుకుమనాలి. అది 940 నానోమీటర్ల పరారుణ కాంతి, మన కంటికి ఆనదు గాని కెమెరాకు ఆనుతుంది. వెలుగు ఉంటే రిమోట్ బతికుంది, టీవీ కంటిని అనుమానించాలి. వెలుగు లేకపోతే సెల్లు, దాని స్ప్రింగుకు పట్టిన తుప్పు చూడాలి. కిందపడ్డ రిమోట్ అయితే లోపలి సిరామిక్ రెసొనేటర్ పగిలి ఉండొచ్చు. చాలా పాత రిమోట్లలో అది 455 కిలోహెర్ట్జ్‌ది. దాన్ని పన్నెండుతో భాగిస్తే వచ్చే 38 కిలోహెర్ట్జ్‌తోనే ఆ వెలుగు మిణుకుమంటుంది.

హెచ్‌డీఎంఐ అంత సూటిగా ఉండదు. పాత మూడు రంగుల తీగలు సగం పాడైనా సగం బొమ్మ ఇచ్చేవి. హెచ్‌డీఎంఐ కేబులులో 19 పిన్నులుంటాయి. బొమ్మ మొదలవకముందే రెండు పెట్టెలూ వాటి గుండా మాట్లాడుకుంటాయి. టీవీ తాను ఏ రిజల్యూషన్లు చూపగలదో చెప్పాలి, కాపీ రక్షణ తాళంచెవులు సరిపోవాలి. ఆ సంభాషణ ఎక్కడ తెగినా కనిపించేది ‘నో సిగ్నల్’ ఒక్కటే. అందుకే రెండింటి ప్లగ్గులూ పీకి, ఒక నిమిషం ఆగి, మళ్లీ పెడితే చాలాసార్లు పనిచేస్తుంది. మాటలు మొదటినుంచి మొదలవుతాయి.

పోర్టులు కాలిపోవడానికి మన ఇళ్లలో ఒక ప్రత్యేక కారణం ఉంది, ఎర్తు లేకపోవడం. సెట్‌టాప్ బాక్సు రేకు మీద చేయి వేస్తే సన్నగా జిల్లుమనడం చాలామందికి అనుభవమే. అడాప్టర్‌లో రొద అణచడానికి పెట్టిన చిన్న కెపాసిటర్ల వల్ల, ఎర్తు లేని పెట్టె ఒంటి మీద సరఫరాలో సగం వరకూ వోల్టేజి తేలుతుంది. కరెంటు అతి తక్కువ కాబట్టి మనిషికి జిల్లుమని ఊరుకుంటుంది. అయితే రెండు పెట్టెలనూ ఆన్‌లో ఉంచి కేబులు గుచ్చే క్షణంలో ఆ తేడా పోర్టు వెనకున్న చిప్పు మీద పడవచ్చు, అది మూడు, నాలుగు వోల్టులకు మించి భరించలేదు. హెచ్‌డీఎంఐ కేబులును కలిపేటప్పుడు రెండు ప్లగ్గులూ పీకి ఉంచండి. ఉరుముతున్నప్పుడు డిష్ నుంచి వచ్చే తీగను కూడా ఊడదీయడం మేలు.

ఎక్కడ ఆపాలి

ఇంతవరకూ చెప్పినవన్నీ బాగయ్యే జబ్బులు. తెర గాజు పగిలితే కథ వేరు. ఫుల్ హెచ్‌డీ తెరలో నిలువు వరసలు 1,920కి మూడు రెట్లు, అంటే 5,760. అడ్డు వరసలు 1,080. ఒక్కో వరసకూ ఒక్కో అతి సన్నని దారి గాజు అంచు దాకా వెళ్లి, అక్కడ చిప్పు ఉన్న ఫిల్ముతో కలుస్తుంది. ఆ కలయిక టంకంతో కాదు, వాహక రేణువులున్న జిగురు పొరను వేడితో, ఒత్తిడితో అదిమి చేస్తారు. ఒక నిలువు గీత శాశ్వతంగా నిలిచిపోయిందంటే సాధారణంగా అక్కడే ఒక దారి ఊడింది. తెర అంచు మీద వేలితో నొక్కితే గీత మాయమై వదిలితే మళ్లీ వస్తోందంటే ఇక సందేహమే లేదు. దాన్ని తిరిగి అతికించే బాండింగ్ యంత్రాలు నగరాల్లో ఉన్నాయి, ఫలితానికి మాత్రం హామీ ఉండదు. సగం తెర మాత్రమే పాడైతే ఆశ ఉంటుంది. ఆ సగానికి వెళ్లే రిబ్బన్ కేబులు వదులైందేమో, దాన్ని తీసేస్తే మిగతా సగం స్థిరపడుతోందా అని చూస్తారు. ఈ గీతల జబ్బుకు కొన్నిసార్లు ఇంటివాళ్లే కారణం. శుభ్రం చేసే ద్రవాన్ని నేరుగా తెర మీద చల్లితే అది జారి కింది అంచులోకి దిగుతుంది, చాలా మోడళ్లలో ఆ ఫిల్ములు ఉండేది సరిగ్గా అక్కడే. గుడ్డను తడిపి తుడవాలి, తెరను తడపకూడదు.

మెయిన్ బోర్డు సంగతి మధ్యస్థం. స్మార్ట్ టీవీ కంపెనీ బొమ్మ దగ్గరే ఆగిపోయి గంటసేపు అలాగే ఉంటోందంటే సాఫ్ట్‌వేర్ చెడిందో, దాన్ని దాచిన ఫ్లాష్ మెమరీ అరిగిందో అయి ఉంటుంది. ఫ్లాష్ మెమరీలో ఒక్కో గడిని ఇన్నిసార్లే చెరిపి రాయగలం. సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కిస్తే మొదటి రకం బాగవుతుంది. రెండో రకానికి చిప్పే మార్చాలి. ఆ చిప్పుల కాళ్లు పక్కన ఉండవు, పొట్ట కింద చిన్న టంకం గుళ్లుగా ఉంటాయి. ఐరోపా 2006 జులై 1 నుంచి ఎలక్ట్రానిక్స్‌లో సీసాన్ని కట్టడి చేశాక ప్రపంచమంతా సీసం లేని టంకానికి మారింది. పాతది 183 డిగ్రీల దగ్గర కరిగేది, ఇప్పుడు వాడే రకాలు 217 దాటాలి, గట్టిగా కూడా ఉంటాయి. ఆరోగ్యానికి మంచిదే, హీట్ గన్ పట్టిన చేతికి మాత్రం పని పెరిగింది. చిప్పును వేడి చేసి “బాగైంది” అని ఇచ్చేసే వైద్యం కొన్ని వారాలకే బెడిసికొట్టడం మామూలే.

కంపెనీ సర్వీసు సెంటర్లో రెండు రూపాయల కెపాసిటర్‌ను మార్చరు, బోర్డు మొత్తం మారుస్తారు. వాళ్ల వైపు నుంచి చూస్తే సమయం కలిసొస్తుంది, వారంటీ ఇవ్వడం తేలిక. ఇబ్బంది మోడల్ పాతబడి బోర్డు దొరకనప్పుడు మొదలవుతుంది. ఐరోపాలో 2021 మార్చి నుంచి టీవీ తయారీదారులు కొన్ని విడిభాగాలను ఏడేళ్లపాటు అందుబాటులో ఉంచాలి. ఫ్రాన్స్‌లో అదే ఏడాది జనవరిలో టీవీ ధరతో పాటు అది ఎంత సులువుగా బాగవుతుందో చెప్పే మార్కు కూడా చూపించాలనే నిబంధన వచ్చింది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెచ్చింది. కంపెనీలు మాన్యువళ్లు, విడిభాగాల వివరాలు అక్కడ పెట్టాలన్నది ఉద్దేశం, గృహోపకరణాలు అందులో ఒక విభాగం. కస్టమర్‌కు సమాచారం దొరుకుతుంది సరే, వీధి చివర మెకానిక్‌కు సర్క్యూట్ బొమ్మ, విడిభాగం రెండూ దొరికినప్పుడే దానికి విలువ.

అప్పటిదాకా నడుస్తున్నది ఇంకో సరఫరా గొలుసు. పిల్లవాడు బంతి విసిరి పానెల్ పగలగొట్టిన టీవీలో పవర్ బోర్డు, మెయిన్ బోర్డు, పానెల్‌ను నడిపే టీకాన్ బోర్డు, స్పీకర్లు, కొన్నిసార్లు దీపాల పట్టీలు కూడా చెక్కుచెదరకుండా ఉంటాయి. మెరుపు దెబ్బకు బోర్డు మాడిన టీవీలో పానెల్ బాగుంటుంది. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీ లాంటి చోట్ల ఎలక్ట్రానిక్స్ విడిభాగాల కొట్ల మధ్య ఇలాంటి విడదీసిన బోర్డుల బేరాలు కూడా నడుస్తాయి. మీ సెట్టుకు బోర్డు కావాలంటే మోడల్ నంబరు ఒక్కటే చాలదు, ఒకే మోడల్‌ను కంపెనీలు వేర్వేరు పానెళ్లతో అమ్ముతాయి. వెనక మూత విప్పి, బోర్డు మీద ముద్రించిన పార్ట్ నంబరు, పానెల్ వెనక చీటీ మీద నంబరు రెండూ ఫోటో తీసి పంపాలి. పగిలిన టీవీని పాత సామాన్లవాడికి కిలోల లెక్కన వేసే ముందు ఆ నంబర్లనే నలుగురు మెకానిక్కులకు వాట్సాప్ చేసి ధర అడగండి. బోర్డులకు కిలోల ధర కన్నా ఎక్కువే చెబుతారు.